వదిన ఊఁ కొట్టిన రోజు

మా వదిన వంటింట్లో కుళాయి నీళ్ళు సన్నగా వస్తున్నాయని ప్లంబరును పిలిపించింది. అతను గోడమీద వేళ్ళతో తట్టాడు, చెవి ఆనించి విన్నాడు, కాసేపు ఆలోచించాడు.

"అమ్మా, ఈ గోడ పగలగొడితే..." అన్నాడు.

"పగలగొట్టండి, పగలగొట్టండి. నాకు ఆఫీసుకు టైమవుతోంది," అంటూ వదిన చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది.

ప్లంబరు పగలగొట్టాడు. సాయంత్రం వదిన తిరిగొచ్చేసరికి గోడలో పెద్ద పళ్ళెమంత కన్నం ఉంది. కన్నంలోంచి పక్క వాటాలోని మా వంటిల్లు, అందులో గరిటె పట్టుకుని నిలబడ్డ నేను కనిపించాం.

"నేను చెప్పబోయింది ఏంటంటేనమ్మా," అన్నాడు ప్లంబరు, చేతులకంటిన సిమెంటు దులుపుకుంటూ, "ఈ గోడ పగలగొడితే లాభం లేదు, పైపు అవతలి గోడలో ఉంది, అని."

"ఆ మాట పొద్దున్నే చెప్పొచ్చుగా!"

"చెప్పనిచ్చారా?"

వదిన ప్లంబరును చూసింది. కన్నాన్ని చూసింది. తర్వాత కన్నంలోంచి నన్ను చూసి, "అమ్మాయ్, కాస్త ఉప్పుంటే ఇటివ్వు," అంది. అలా ఆ కన్నం వాడుకలోకి వచ్చింది.

ఇది చెప్పడం వదినను ఆడిపోసుకోవడానికి కాదు. ఆవిడ చేసే పని అలాంటిది. మా అన్నయ్యవాళ్ళ వాటా, మా వాటా ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి కాబట్టి ఆ పని సంగతులన్నీ నాకు తెలుసు. ఇళ్ళను వెచ్చగా ఉంచే బాయిలర్లు తయారుచేసే కంపెనీ ఒకటుంది. చలి దేశాల్లో ఎవరింట్లోనైనా ఆ బాయిలరు మొరాయిస్తే ఫోను మోగేది మా వదిన చెవిలో. ఇంగ్లీషు ఫోన్లెత్తే ఇంగ్లీషు బల్లకు ఆవిడే పెద్ద దిక్కు. పొడుగాటి హాల్లో వరసగా కుర్చీలు, ఒక్కో కుర్చీ ముందు ఒక తెర, తెర పైన మూలన చిన్న దీపం. ఫోనులో మాటలు నడుస్తున్నంతసేపూ ఆ దీపం పచ్చగా ఉంటుంది. ఎవరూ మాట్లాడకపోతే పసుపవుతుంది. ఇంకాసేపు అలాగే ఊరుకుంటే ఎర్రబడి, సూపర్‌వైజరు గదిలో కూడా వెలుగుతుంది. ఆ సూపర్‌వైజరుకు అసలు పేరేదో ఉండే ఉంటుంది. అందరూ ఆయన్ని గడియారం అనే అంటారు. ఆయన కూడా కోపం తెచ్చుకోడు, పిలిచినప్పుడు చేతి వాచీవంక చూసుకుని వస్తాడు.

గడియారానికి నచ్చినదొక్కటే. ఫోను తొందరగా పెట్టెయ్యాలి, పెట్టేదాకా మాట ఆగకూడదు. ఈ రెండింటినీ ఒకేసారి చెయ్యడం మా వదిన చేతనైనట్టు ఎవరి చేతా కాలేదు. అవతలివాళ్ళు "పొద్దున్నుంచీ మా ఇంట్లో..." అని మొదలుపెడితే చాలు, "చల్లగా ఉందా? ఎర్ర దీపం వెలుగుతోందా? పక్కనున్న బటన్ నొక్కి పట్టుకోండి, థాంక్యూ," అని ముగించేసేది. పదిమందిలో తొమ్మిదిమందికి సరిపోయేది. సరిపోని పదోవాడు మళ్ళీ ఫోను చేస్తాడుగా, అది వేరే లెక్క. కొత్తగా చేరినవాళ్ళను ఆవిడ వెనక నిలబెట్టి, "చూసి నేర్చుకోండి," అనేవాడు గడియారం.

ఆ విద్య ఆఫీసులోనే ఉంటే బాగుండేది. ఇంటికి కూడా వచ్చింది. నేను "వదినా, రేపు..." అంటే, "రాను, పనుంది," అనేది. నేను చెప్పబోయింది రేపు కరెంటు ఉండదని. ఇక మా అన్నయ్య పరిస్థితి అడక్కండి. పుట్టుకతోనే నిదానం మనిషి. రెండు మాటల మధ్య ఒక మనిషి పోయి నీళ్ళు తాగి రావచ్చు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఇంట్లో ఒక్క మాటను చివరిదాకా చెప్పి ఎరగడు. మొదలుపెట్టడం ఆయన వంతు, ముగించడం ఆవిడ వంతు. కాపురం సాఫీగానే సాగింది.

అన్నయ్య లిఫ్టు మెకానిక్కు. పోయిన వానల్లో ఒక లిఫ్టు గోతిలోకి దిగుతూ జారి నడుం విరగ్గొట్టుకున్నాడు. అప్పట్నుంచీ మంచం, కుర్చీ, మళ్ళీ మంచం. ఇల్లు వదిన జీతం మీద నడుస్తోంది. ఇంకొన్నాళ్ళు ఓపికపడితే ఆయన లేచి పనిలోకి వెళతాడు, అప్పటిదాకా తను లాక్కొస్తే చాలునని ఆవిడ ధైర్యం.

సరిగ్గా అలాంటప్పుడు గడియారం అందర్నీ క్యాంటీన్ పక్కగదిలో కూర్చోబెట్టి చల్లగా చెప్పాడు. ఇంగ్లీషు ఫోన్లకు ఇకమీదట మెషీనే జవాబిస్తుందట. ఇంగ్లీషు బల్ల ఎత్తేస్తున్నారట. కొత్తగా జర్మన్ బల్ల పెడుతున్నారు, కుర్చీలు కొన్నే. నేర్చుకుని పరీక్ష దాటినవాళ్ళకు కుర్చీ. దాటనివాళ్ళకు వీడ్కోలు పూలగుత్తి.

"జర్మనే కదా," అంది వదిన ఆ సాయంత్రం కన్నంలోంచి. "హాండ్ అంటే హాండే. హౌస్ అంటే హౌసే. కోల్డ్‌ని కాల్ట్ అంటారు. మన ఇంగ్లీషే, జలుబు చేసినట్టుంటుంది, అంతే. నేను నేర్చుకోవాల్సిందేం ఉంది?"

"ఉంటుందేమో..." అన్నాడు మంచం మీంచి అన్నయ్య.

"ఏం ఉండదు," అంది వదిన.

ఉంది. పాఠం చెప్పడానికి వచ్చినావిడ వదిన వయసులో సగం కూడా ఉండదు. జుట్టు బిగించి కట్టుకుని, చేతిలో సుద్దముక్క తిప్పుకుంటూ, కళ్ళద్దాల మీంచి చూసేది. ఇంగ్లీషు బల్లవాళ్ళందరూ కలిసి మొదటిరోజే ఆ అమ్మాయికి చిన్నమేడమ్ అని పేరు పెట్టేశారు. చిన్నమేడమ్ అందర్నీ 'అక్కా', 'అన్నా' అనే పిలిచేది గానీ, మార్కుల దగ్గర ఏ చుట్టరికమూ చూసేది కాదు.

వారం తిరక్కుండానే వదిన ధోరణిలో తేడా వచ్చింది. గిన్నెలు కడుగుతూ గొణుక్కునేది. "స్పూను మగది. ఫోర్కు ఆడది. కత్తి రెండూ కాదు."

"మరి గరిటె?" అని అడిగాను కన్నంలోంచి, నా చేతిలోదాన్ని చూపిస్తూ.

"నన్ను విసిగించకు, అమ్మాయ్."

ఇంగ్లీషులో ఒక్క 'ద' అని దులిపేసుకున్నచోట జర్మన్‌లో సామానంతటికీ ఆడా మగా చూడాల్సొచ్చింది. కొన్ని మాటలు ఎంత పొడుగంటే, చదవడం మొదలుపెట్టి మధ్యలో ఊపిరి కోసం ఆగేది. అంకెలు కూడా తిరగబడ్డాయి. ఇరవై అయిదు అనడానికి అయిదూ ఇరవై అంటారట. బాయిలరు నంబరు రాసుకోమంటే వదిన రాసుకున్నవన్నీ అటుదిటూ ఇటుదటూ అయ్యేవి. ఇంత వయసొచ్చాక బళ్ళోపిల్లలా తిట్లు తినడం కంటే ఆవిణ్ణి ఎక్కువ కుంగదీసింది ఇంకొకటుంది. ఇంగ్లీషు బల్లలో నిన్నమొన్న చేరిన ఒక కుర్రాడు, ఒక చెవికి పోగు పెట్టుకుని, పాఠానికీ పాఠానికీ మధ్య కునికిపాట్లు పడేవాడు, ఆవిడకంటే తొందరగా నేర్చేసుకుంటున్నాడు.

"నీకెలా వస్తోందిరా, చెవిపోగూ?" అని అడిగిందట ఒకరోజు ఉండబట్టలేక.

"నాకు ఇంగ్లీషు కూడా సరిగ్గా రాదు కదక్కా. అందుకని భయపడి ఆఖరిదాకా వింటా," అన్నాడు వాడు.

ఆ మాటలో వదినకు అందాల్సింది ఉంది, కానీ వాడు చెప్పడం పూర్తయ్యేలోపే ఆవిడ అటు తిరిగిపోయింది.

మాదిరి పరీక్షలో బయటపడింది. చిన్నమేడమ్ రికార్డు చేసిన గొంతు వినిపించి, బదులు చెప్పమంది. జర్మన్ గొంతు మొదలైంది. వదినకు బాయిలరు అన్న మాట దొరికింది, కాల్ట్ దొరికింది. ఇంకేం కావాలి? చేప దొరికిన కొంగలా మెడ ముందుకు చాచి, బటన్ నొక్కి పట్టుకోండి అని గడగడా చెప్పేసింది. దీపం పచ్చగా ఉంది. వెనక నిలబడ్డ గడియారం ముఖం ఇంకా పచ్చగా ఉంది.

చిన్నమేడమ్ రికార్డును మిగతా సగం కూడా వినిపించింది. ఆ పెద్దమనిషి చెప్పిందేమిటంటే, నిన్నటిదాకా బాయిలరు చల్లగా ఉంది, మీ మనిషొచ్చి బాగుచేశాడు, చాలా సంతోషం, కానీ తన గొడుగు మా ఇంట్లో మర్చిపోయాడు, అని.

గది గదంతా నవ్వింది. చెవిపోగు ఒక్కడే నవ్వలేదు.

పాఠమయ్యాక చిన్నమేడమ్ వదినను ఆపింది. "అక్కా, మీకు మాటలు వచ్చు. గొంతు బాగుంది. కానీ మీరు వినరు."

"వింటున్నాను కదా!"

"చూశారా, నా మాట ఇంకా అవలేదు." చిన్నమేడమ్ సుద్దముక్క కింద పెట్టింది. "మీరు ఇంగ్లీషులో కూర్చుని జర్మన్ వింటున్నారు. అక్కడ ముందే దొరికేస్తుందని అలవాటు. ఇక్కడ అసలు సంగతి తోకలో ఉంటుంది. మనం ఇంట్లో మాట్లాడుకునేది కూడా అంతే కదా? వెళ్ళాడో, వెళ్ళలేదో, వెళ్ళబోతున్నాడో, ఆఖరిదాకా వింటేనే కదా తెలిసేది? చిన్నప్పుడు కథ చెబుతుంటే ఊఁ కొట్టలేదా మీరు?"

"మా అమ్మ కథ మొదలుపెట్టగానే చివర నేనే చెప్పేసేదాన్ని."

చిన్నమేడమ్‌కు నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. "అయితే ఇప్పుడు కొట్టండి. ఇంట్లో నిదానంగా మాట్లాడేవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళచేత మాట్లాడించి ఉత్తినే ఊఁ కొట్టండి. అక్కా, కుర్చీలన్నీ నిండిపోయాయి. ఒక్కటే మిగిలింది. చివరి పరీక్ష రికార్డు కాదు, నిజం ఫోనుతో. అక్కడ గొడుగు కథ జరిగితే నేను ఏం చెయ్యలేను."

ఆదివారం మధ్యాహ్నం అన్నయ్య కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. వదిన ఎదురుగా పీట వేసుకుని కూర్చుని ఆయన చేతిలో చెక్క గరిటె పెట్టింది.

"ఏవండీ, మీరేదైనా చెప్పండి. నేను ఊఁ కొడతా. మధ్యలో నోరు తెరిస్తే దీంతో ఒకటి వెయ్యండి."

"ఏం చెప్పను?"

"ఏదో ఒకటి. మీ ఇష్టం."

నేను కన్నం ఇవతల కూరగాయలు తరుగుతున్నాను. వినాలని కాదు, కత్తిపీట అక్కడుంది. పాపం, అన్నయ్యకు అలవాటు లేదు. మైకు ముందు నిలబెట్టినట్టు గరిటెవంక చూస్తూ కూర్చున్నాడు. ఆఖరికి గొంతు సవరించుకున్నాడు.

"నా నడుం..."

వదిన దిగ్గున లేచింది, వేడినీళ్ళ సంచి కోసం. గరిటె మోకాలికి తగిలింది. కూర్చుంది.

"ఊఁ."

"నా నడుం... కాలిపోతోందే. నువ్వు ఆ సంచి... నొప్పొచ్చినప్పుడు తెస్తే సరే. నేను నడుం అన్నప్పుడల్లా తెస్తున్నావు. మొన్న నడుం కింద దువ్వెన గుచ్చుకుంటోంది తియ్యమందామనుకున్నా. సంచి పెట్టేశావు. దువ్వెన మీదే."

నేను ఇవతల కొంగు నోట్లో కుక్కుకున్నాను. అవతల వదిన భుజాలు కూడా కదులుతున్నాయి.

"ఊఁ," అంది.

"బానే కొడుతున్నావే," అన్నాడు అన్నయ్య. ఆయనకూ హుషారొచ్చింది. లిఫ్టుల సంగతులు చెప్పాడు. ఒక ముసలాయన మూడో అంతస్తులో ఇరుక్కుని, తలుపు తీసేలోపు కునుకు తీసిన సంగతి చెప్పాడు. వదిన పెదవులు రెండుసార్లు విడివడ్డాయి, రెండుసార్లూ మూసుకున్నాయి. తర్వాత ఆయన గరిటెను ఒళ్ళో పడుకోబెట్టి, కిటికీలోకి చూశాడు.

"డాక్టరు..."

"తగ్గి—" నాలుక కరుచుకుంది వదిన. "ఊఁ."

"డాక్టరు... తగ్గుతుందన్నాడు. నువ్వు అక్కడిదాకా విన్నావు. గదిలోంచి బయటికొచ్చి మందుల కొట్టుకెళ్ళిపోయావు. తర్వాత ఆయన ఇంకో మాటన్నాడు." ఆగాడు. ఆ ఆగడం ఎప్పటిలాంటిది కాదు. "తగ్గినా... గోతిలోకి మాత్రం దిగొద్దన్నాడు. మళ్ళీ ఎప్పుడూ. నిచ్చెనెక్కొద్దు, బరువెత్తొద్దు. ఆ పని ఇంక... లేదు."

నా తరుగుడు ఆగిపోయింది.

"చాలాసార్లు మొదలుపెట్టాను," అన్నాడు అన్నయ్య. "డాక్టరు అనగానే తగ్గుతుందన్నాడుగా అనేదానివి. అంత నమ్మకంగా అంటుంటే... పోనీలే, నువ్వన్నట్టే అవుతుందేమో అని నేనూ ఊరుకునేవాణ్ణి."

వదిన ఇన్నాళ్ళూ ఎదురుచూస్తున్న రోజు ఇక రాదు. మిగిలింది ఆ ఒక్క కుర్చీ. అది కూడా మాట ఆపుకోవడం చేతకాని మనిషి చేతిలో ఉంది. ఇప్పుడేదో ఒకటి అనేస్తుందనుకున్నాను. ఇలా చేద్దాం, అలా చేద్దాం, ఏం కాదు అని పరుగెత్తేస్తుందనుకున్నాను.

"ఊఁ," అంది.

అన్నయ్య ఆవిడవంక చూశాడు.

"ఇంకా ఉందా?" అని అడిగింది.

"ఉంది. నాకు... భయంగా ఉందే."

"ఊఁ," అంది వదిన మళ్ళీ. ఈసారి పీట ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

పరీక్షరోజు పొద్దున వదిన కన్నంలోంచి చెయ్యి చాపింది. ఉప్పు కావాలేమోననుకుని డబ్బా అందించబోయాను. డబ్బా పక్కకు నెట్టి నా చెయ్యి పట్టుకుంది.

"వెళ్ళొస్తా, అమ్మాయ్. మీ అన్నయ్యను చూస్తూ ఉండు. ఆయన ఏదైనా అంటే..."

నేను నోరు తెరవబోయి మూసుకున్నాను.

"...ఆఖరిదాకా విను," అంది.

ఆ తర్వాత జరిగింది నాకు చెవిపోగు చెప్పాడు. ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చి, కుర్చీ వేసుకుని, అందరి పాత్రలూ తనే వేసి చూపించాడు. వదిన చెప్పినదానికన్నా వాడు చెప్పిందే నమ్ముతాను. తన గురించి చెప్పాల్సొస్తే వదిన ఇప్పటికీ సగంలోనే వదిలేస్తుంది.

వదిన హెడ్‌ఫోను తగిలించుకుంది. పక్కన చిన్నమేడమ్ ఇంకో హెడ్‌ఫోనుతో కూర్చుంది. వెనక గడియారం నిలబడ్డాడు. పరీక్షకు కాబట్టి తేలిక ఫోన్లే పంపుతామన్నారు. మెకానిక్కు ఎప్పుడొస్తాడు, ఇవాళ కాకుండా రేపు రమ్మనండి, అలాంటివి. బల్లమీద అట్టముక్క ఉంది. అందులో అన్నిటికంటే పైన ఉన్నది వదినకు నిద్రలో లేపినా వచ్చేదే. ఎర్ర దీపం వెలిగితే బటన్ నొక్కి పట్టుకోమనాలి.

ఫోను మోగింది. తేలికది కాదు. తీగ ఎక్కడ తప్పిందో, దారి మళ్ళి వచ్చిన ఫోను. ముసలావిడ గొంతు.

వదిన జర్మన్‌లో నమస్కారం చెప్పింది. ఆవిడ కూడా చెప్పింది. దగ్గింది. తర్వాత మొదలుపెట్టింది, మా అన్నయ్యకన్నా నిదానంగా. వదినకు అర్థమైన ముక్కలు ఇవి. పొద్దున్నుంచీ. ఇల్లు. కాల్ట్. బాయిలరు. ఎర్ర దీపం.

అంతా ఉంది. వదిన నాలుక చివర బటన్ మాట వచ్చి కూర్చుంది. జర్మన్‌లోనే, తప్పుల్లేకుండా, మాదిరి పరీక్షలో కంటే చక్కగా. నోరు తెరిస్తే చాలు, ఫోను పెట్టేయొచ్చు, గడియారం మురిసిపోతాడు, కుర్చీ దక్కుతుంది.

"ఊఁ," అంది వదిన.

ముసలావిడ ఆగింది. కళ్ళజోడు కోసం వెతుకుతోందో, ఊపిరి తీసుకుంటోందో. దీపం పసుపయింది. మళ్ళీ మొదలుపెట్టింది. మా ఆయన. కింద గదిలో. బాయిలరు దగ్గర నిలబడ్డాడు. మెట్లమీంచి తనకు వినపడుతున్నాడు. బటన్ మీద వేలు పెట్టుకుని ఉన్నాడు.

బటన్ అనే మాట ఆవిడ నోటే వచ్చేసింది! వెనకనుంచి గడియారం వంగి అట్టముక్క మీద వేలితో టకటకా కొట్టాడు, ఇదిగో, ఇదే చెప్పు, అన్నట్టు. చెవిపోగు పక్క కుర్చీలోంచి చూస్తూనే ఉన్నాడు. వదిన ఎడమచేత్తో తన నోరు తనే మూసుకుందట.

ముసలావిడ మళ్ళీ ఆగింది, దీపం ఎర్రబడింది. గడియారం గదిలో కూడా ఎర్రబడింది. ఆయన గాలిలో చెయ్యి గిర్రున తిప్పుతున్నాడు, మాట్లాడు, మాట్లాడు అని. చిన్నమేడమ్ ఆయన్ని ఒక చేత్తో వెనక్కి నెట్టింది. ఆ పిల్లకు వదినకంటే ముందే ఏదో అనుమానం తట్టింది.

"ఊఁ?" అంది వదిన, వేళ్ళ సందుల్లోంచి.

నొక్కమని చెప్పమంటారా అని అడుగుతున్నాడు, అంది ముసలావిడ. నొక్కేవాడే. కానీ, అక్కడేదో... ఆగింది. దగ్గింది. వాసనొస్తోందంటున్నాడు. గాస్.

ఆ ఆఖరి మాట ఇంగ్లీషులో ఎలా ఉంటుందో జర్మన్‌లోనూ దాదాపు అలాగే ఉంటుంది. అది అర్థం కావడానికి వదినకు పాఠాలేమీ అక్కర్లేకపోయాయి. అక్కడిదాకా ఆగడానికే కావలసివచ్చాయి.

"నైన్!" అని అరిచింది, జర్మన్‌లో వద్దని. హాలంతా తిరిగి చూసింది. తర్వాత ఆవిడ మాట్లాడిన జర్మన్‌లో ఆడేదో మగేదో తెలియదు, ముందుది వెనకా వెనకది ముందూ అయింది. బటన్ వద్దు. వేలు తియ్యమనండి. లైటు స్విచ్చి వద్దు. పైకి రమ్మనండి. మీరు దిగొద్దు. బయటికి, ఇద్దరూ బయటికి, ఇప్పుడే. చిన్నమేడమ్ అప్పటికే ఇంకో ఫోనందుకుని, ఆ ఊరి అత్యవసరంవాళ్ళకు అడ్రసు చెబుతోంది.

చెవిలో ముసలావిడ మెట్లమీంచి పిలవడం వినిపించింది. జవాబు లేదు. మళ్ళీ పిలిచింది. హాల్లో మిగతా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, ఎవరూ ఎత్తడం లేదు. గడియారం చెయ్యి గాలిలో సగం తిరిగి అక్కడే ఉండిపోయింది. వదిన కళ్ళు మూసుకుంది. అప్పుడు అడుగులు వినిపించాయట. ఒకటి, దాని తర్వాత చాలాసేపటికి ఇంకొకటి. ముసలాయన మెట్లెక్కుతూ ఏదో సణుగుతున్నాడు. తలుపు తీసిన చప్పుడు. గాలి హోరు. ఇద్దరూ వీధిలో నిలబడ్డారు.

ముసలావిడ ఫోను పెట్టలేదు. వీధిలో నిలబడే ఇంకేదో చెప్పడం మొదలుపెట్టింది, అంతే నిదానంగా, మధ్యమధ్య ఆగుతూ. వదిన తల ఆడిస్తూ, ఊఁ, ఊఁ అంటూ వింది. ఆయన చెప్పుల్లేకుండా వచ్చాడు, పక్కింటివాళ్ళు కంబళి తెచ్చారు, మీరు బయటికి రమ్మన్నప్పుడు కసిరారు గానీ మంచిదే అయింది, అని. దీపం పచ్చబడి, పసుపయి, మళ్ళీ ఎర్రబడింది. సైరను వినిపించాక గానీ వదిన హెడ్‌ఫోను తియ్యలేదు. తీసి, అట్టముక్క మీద పెట్టింది.

చిన్నమేడమ్ చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకుంది.

"వ్యాకరణం చూస్తే ఒక్క ముక్క కూడా నిలవదక్కా," అంది చివరికి. "మగదాన్ని ఆడది చేశారు, ఆడదాన్ని ఏమీ కాకుండా చేశారు."

వదిన నోరు తెరవలేదు.

"అదంతా నేర్చుకోవచ్చు. కుర్చీ మీదే."

వదిన అప్పుడు కూడా ఏమీ అనలేదు. ఇంకేమైనా ఉందేమోనని ఎదురుచూస్తున్నట్టు చిన్నమేడమ్ ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది. "అయిపోయిందక్కా, ఇంతే," అని చిన్నమేడమ్ చెప్పాల్సొచ్చింది. అప్పుడు ఏడ్చింది. చెవిపోగు ఆ ఏడుపు కూడా చేసి చూపించబోతే నేనే వద్దన్నాను. అన్నయ్య గోడకు అటువైపు కన్నం దగ్గరికి కుర్చీ జరుపుకుని అంతా విన్నాడు. చెవిపోగు ఆగగానే, "ఊఁ," అన్నాడు.

కానీ చెవిపోగు అప్పటికి ఇంకా ముగించలేదు. అసలు చివర ఇంకోటుంది.

వదిన సంచి సర్దుకుని లేస్తుంటే గడియారం వచ్చాడట. బావుందన్నాడు, గొప్ప పని చేశారన్నాడు, పెద్దవాళ్ళకు కూడా చెబుతానన్నాడు. అయినా ఆయన మనసు మనసులో లేదు. తెరవంకా దీపంవంకా మార్చి మార్చి చూశాడు. ఇన్నేళ్ళలో వదిన తెర మీద ఎర్ర దీపం వెలగడం అదే మొదటిసారి.

"అంతా సరే గానీ మేడమ్," అన్నాడు, ఉండబట్టలేక, "ఆ వీధిలోకి వచ్చేశాక కూడా అంతసేపు లైను మీద ఊరికే కూర్చున్నారేంటండీ? పనైపోయిందిగా, పెట్టెయ్యొచ్చుగా?"

"ఆవిడ చెప్పడం ఇంకా అవలేదండీ," అంది వదిన.